ఓడ దిగినట్టే బజారుకు దిగండి

అమెరికాలో ఉండే మా అల్లుడు పోయిన ఏడు మయామీలో ఓడ ఎక్కి కరీబియన్ దీవులు చుట్టి వచ్చాడు. ఏడు రోజులు, నాలుగు దీవులు. పొద్దున దింపుతారు, సాయంత్రం చెప్పిన వేళకు ఎక్కకపోతే ఓడ ఎవరికోసమూ ఆగదు. ఆ మధ్యలో దొరికిన ఆరేడు గంటల్లో ఏ దీవిలో ఏం కొనాలి, ఏ అంగట్లో కొనాలి అని ముందురోజే ఓడలో ఒక పిల్ల నిలబడి పాఠం చెబుతుందట. చేతికి బజారు పటం కూడా ఇస్తుందట. ఆ పటంలో ఉన్న అంగళ్లన్నీ డబ్బు కట్టి పటమెక్కినవేనని అల్లుడికి తెలుసు. తెలిసే వాటిలో కొన్నాడు. "గ్యారంటీ ఉంటుంది మామయ్యా" అన్నాడు.

మొన్న సంక్రాంతికి మా ఊరు పెద్దారవీడు వచ్చినప్పుడు ఆ విద్యంతా మా మీద ప్రయోగించాడు. నేను రిటైరైన బడిపంతుల్ని. చూసింది చూసినట్టు కాగితం మీద పెట్టడం పాత జబ్బు. పండక్కి వచ్చే చుట్టాలకూ, శ్రీశైలం పోతూ మధ్యలో కారు ఆపే భక్తులకూ పనికొస్తాయని ఆ సూత్రాల్ని ఇక్కడ రాస్తున్నా. అక్షరం పొల్లుపోకుండా పాటించండి.

అన్నిటికన్నా ముందు తొందర. తొందర లేకుండా బజారుకు రావద్దు. పెద్దారవీడుకు ఓడ రాదు కదా, తొందర ఎక్కడినుంచి తెచ్చుకోవాలి అని దిగులు పడకండి. మనకు దోర్నాల గేటుంది. దోర్నాల నుంచి శ్రీశైలం పోయే ఘాట్ రోడ్డు పులుల అడవిలోంచి పోతుంది. రాత్రి తొమ్మిదికి గేటు దించితే తెల్లారి ఆరింటికి గానీ ఎత్తరు. కాబట్టి అంగట్లో కాలు పెట్టగానే "గేటు మూసేస్తారు, తొందరగా ఇవ్వు" అనాలి. అప్పటికి పొద్దున పదయినా సరే, మీరు ఆ పూట అసలు శ్రీశైలమే పోకపోయినా సరే. తొందరపడేవాడికి అంగడాయన మూటలో పైన ఉన్న సరుకు ఇస్తాడు. అడుగున ఉన్న మంచిది తీయాలంటే మీరు కాసేపు కూర్చోవాలి. కూర్చుంటే టీ చెబుతాడు. టీ తాగితే "ఎవరి తాలూకు?" అని అడుగుతాడు. ప్రమాదమంతా అక్కడే మొదలవుతుంది.

ఆ ప్రశ్నకు జవాబు చెప్పొద్దు. "హైదరాబాద్" అని ఊరుకోండి. ఫలానా పంతులుగారి అల్లుణ్ణి అన్నారో, ఇక ఆయన కందిపప్పు కొత్తదో పాతదో ఉన్నమాట చెప్పాల్సి వస్తుంది. "ఇది వద్దులే బాబూ, వచ్చేవారం కొత్త కంది దిగుతుంది, ఇంటికి పంపిస్తా" అంటాడు. చేతికొచ్చిన బేరం పోయినట్టే. పైగా డబ్బులు తర్వాత చూద్దాంలే అంటాడు. ఫోన్‌పేలో కొట్టి, టింగుమని మోగించి, లెక్క తేల్చుకుని బయటపడాల్సిన మనిషి మా ఊరికి బాకీ పడిపోతాడు. బాకీ ఉన్నవాడు మళ్లీ రావాలి. ఓడ ప్రయాణికుడికి ఇలాంటి బంధాలు కూడవు.

పప్పు విషయంలో ఇంకోటి. ఎప్పుడూ అచ్చువేసిన ప్యాకెట్టే కొనండి. విడిగా తూచి ఇచ్చే పప్పుకు పన్ను లేదు. ముందే తూచి, చీటీ వేసి కట్టిన ప్యాకెట్టు ఏదైనా సరే, 2022 జూలై నుంచి 5 శాతం పన్ను పడింది. పన్ను కట్టిన పప్పుకు ఉండే హోదా మూటలో పప్పుకు ఎక్కడిది? చిత్రమేమిటంటే మా అల్లుడు ఆ దీవుల్లో కొన్నదంతా పన్ను లేదనే కొన్నాడు. బయటినుంచి వచ్చే మనిషి తలకు 800 డాలర్ల సరుకు వరకూ అమెరికా సుంకం అడగదు. అమెరికావే అయిన వర్జిన్ దీవుల్లో కొంటే అది 1,600 డాలర్లు. దానికి మించకుండా కొనుక్కోవచ్చని ఆ నిబంధన అర్థం. అక్కడిదాకా కొని తీరాలని మావాడికి అర్థమైంది. ఆ లెక్కన పచ్చి కందికాయల మీద మా ఊళ్లోనూ పన్ను లేదు. మాదీ డ్యూటీఫ్రీ దీవే. బోర్డు పెట్టుకోలేదంతే.

బేరం సంగతికి వద్దాం. దీనికి అల్లుడి సూత్రం చాలా తేలిక. అద్దాల తలుపూ ఏసీ ఉన్నచోట నోరెత్తకూడదు. గోనెపట్ట పరుచుకుని నేలమీద కూర్చున్న మనిషి దగ్గర సగం నుంచి మొదలుపెట్టాలి.

"కాయలెంత?"

"కిలో అరవై సామీ."

"ముప్పై."

ఆమె తలెత్తి చూసింది. "కాయ కోసే మనిషికి కూలెంతో తెల్సునా అబ్బయ్యా?"

"నలభై. ఇస్తావా, పోనా?"

చివరికి యాభైకి తెగింది. తూచాక, అలవాటు కొద్దీ, ఆమె పిడికెడు కాయలు కొసరు వేసింది. అల్లుడు ఆ కొసరుతో సహా విజయగర్వంతో ఇంటికి వచ్చాడు. పది రూపాయలు గెలిచాడు. వాటిని ఉప్పువేసి ఉడకబెడితే అరగంటలో అయిపోయాయి. అదే మనిషి సెయింట్ మార్టెన్ దీవిలో, ఫిలిప్స్‌బర్గ్ ఫ్రంట్ స్ట్రీట్‌లో, ఒక చేతిగడియారానికి రాసిన ధర రాసినట్టే ఇచ్చి వచ్చాడు. ఆ వీధిలో సింధీ వ్యాపారుల అంగళ్లు చాలా ఉన్నాయి. మావాడికి అమ్మిన పెద్దమనిషి ముంబై నుంచి పోయినవాడు. ఇద్దరూ హిందీలో మాట్లాడుకున్నారట. అంతదూరం సముద్రం దాటిపోయి మనవాడి దగ్గరే కొనడం కూడా ఒక నేర్పే.

అన్నట్టు, ఆ దీవులకు మనవాళ్లు పోవడం ఇప్పుడే కొత్త కాదు. 1854 డిసెంబరులో పుదుచ్చేరి నుంచి 'ఒరేలీ' అనే ఓడ గ్వాడెలూప్ దీవికి కూలీల్ని చేర్చింది. తర్వాత ముప్పయ్యేళ్లకు పైగా తమిళులు, తెలుగువాళ్లు చెరకు తోటల ఒప్పందాల మీద పోతూనే ఉన్నారు. వాళ్లకు ఓడలో బజారు పటం ఇచ్చినట్టు ఎక్కడా చదవలేదు.

ఏ ఊరు పోయినా అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. "ఇక్కడ ఫేమస్ ఏంటి?" అల్లుడు కిరాణా అంగట్లో అడిగాడు. అంగడాయన కాసేపు ఆలోచించి, "నీళ్లు లేకపోవడం" అన్నాడు. అల్లుడు అది జోకనుకున్నాడు. మీరూ అలాగే నవ్వేసి ముందుకు పోండి. పాత ప్రకాశం జిల్లా పడమటివైపు చాలాచోట్ల బోరు నీళ్లలో ఫ్లోరైడు. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాము దాటితే తాగకూడదంటారు, దాటినవే తాగి పళ్లు గారపట్టిన తరం మాది. శ్రీశైలం జలాశయం నుంచి కృష్ణ వరదనీళ్లను దాదాపు 19 కిలోమీటర్ల సొరంగాల్లో తెచ్చి, కొండల మధ్య మూడు సందులకు కట్టలు కట్టి, 53.85 టీఎంసీలు నిలవచేయాలని వెలిగొండ ప్రాజెక్టు. శంకుస్థాపన 1996లో. ఆ మూడు సందుల్లో సుంకేసుల మా మండలంలోదే. ఇదంతా తెలుసుకుంటే బజారు మీద మనసు పోదు. ఇరవై లీటర్ల క్యాను కొనుక్కుని, "ఇక్కడ వాటర్ చీప్" అని ఫోన్లో చెప్పుకోండి.

ఫేమస్ వస్తువు కావాలని మరీ పట్టుబడితే ఒంగోలు గిత్తను అడగండి. మాదీ ఒకప్పుడు ప్రకాశం జిల్లాయే, ప్రకాశం అన్నారంటే ఒంగోలే కదా. మార్కాపురం, కంభం, గిద్దలూరు 1970 దాకా కర్నూలు జిల్లాలో ఉండేవనీ, ఒంగోలు ఎటుందో మా తాతలు చాలామంది చూడనేలేదనీ ఎవరైనా చెప్పబోతే వినకండి. ఆ జాతి పశువులు బ్రెజిల్ దాకా పోయి అక్కడ నెలోర్ అన్న పేరుతో మందలు మందలయ్యాయి. మీ డిక్కీలో పట్టవా?

ఇక భూమి. పెద్ద కొనుగోళ్లు ఎప్పుడూ చిన్న కొనుగోళ్లకన్నా వేగంగా చేయాలి. కందికాయలకు పావుగంట బేరమాడిన అల్లుడు, మార్కాపురం దారిలో ఒక వెంచరు ముందు కారు ఆపి, రంగులేసిన సరిహద్దు రాళ్లు, సిమెంటు కమాను చూసి అయిదు నిమిషాల్లో మెత్తబడ్డాడు. మార్కాపురం జిల్లా కేంద్రమన్న మాట వినపడ్డప్పటి నుంచీ మాకు రాళ్లకన్నా ప్లాట్లు ఎక్కువ. ఇక్కడ పాటించాల్సిన జాగ్రత్తలు: సర్వే నంబరు అడగొద్దు, అమ్మేవాడు నొచ్చుకుంటాడు. ఈసీ తీయించొద్దు, అడంగల్ చూడొద్దు. చుక్కల భూమి అని ఎవరైనా అంటే రాత్రిపూట చుక్కలు బాగా కనపడే చోటనుకోండి. పాత రికార్డులో హక్కుదారు పేరుండాల్సిన చోట చుక్కలు పెట్టి వదిలేసిన భూమి అని చెప్పేవాళ్లు ఉంటారు. వాళ్లు ముసలివాళ్లు, ప్రతిదానికీ అడ్డం పడతారు. నేను పడ్డాను. మూడురోజులు మా అల్లుడు నాతో ముభావంగా ఉన్నాడు.

పలక గురించి మాత్రం కాస్త వివరంగా చెబుతా, నా ఉద్యోగమంతా దాని మీదే గడిచింది కాబట్టి.

మార్కాపురం పలక అంటే ఒకప్పుడు తెలుగు పిల్లలకు అక్షరం కన్నా ముందు తెలిసిన వస్తువు. నల్లటి రాయి, చుట్టూ చెక్క చట్రం, పక్కన బలపం. ఒండ్రుమట్టి కోట్ల ఏళ్లు అణిగి అణిగి రాయయింది గనక అది పొరలు పొరలుగా ఉంటుంది. ఉలి అంచు సరిగ్గా పొర మీద పెట్టి సుత్తితో మెల్లగా తట్టితే పుస్తకం తెరుచుకున్నట్టు రెండుగా విడిపోతుంది. నోటుపుస్తకాలొచ్చి, ప్లాస్టిక్ పలకలొచ్చి బడి పలక పనిపోయాక, ఇప్పుడు అదే రాయి గోడలకు అంటించే బిళ్లలుగా, తోటల్లో పరిచే బండలుగా పరాయి దేశాలకు పోతోంది. మేం అ ఆలు దిద్దిన రాయి మీద ఎక్కడో ఎవరో చెప్పులతో నడుస్తున్నారు. సరే, దానికేం గానీ.

పలకల యార్డుకు పోయినప్పుడు మొదట "గ్రానైట్ ఉందా?" అని అడగండి. గెలాక్సీ గ్రానైట్ చీమకుర్తిది, అది పాత ప్రకాశం జిల్లాకు రెండో కొస. రాయీ వేరే. అడిగితే మీరు రాళ్లు తెలిసినవాళ్లని అనుకుంటారు. ఆ తర్వాత, ఎంత నున్నగా మెరిస్తే అంత మంచి పలకని నమ్మండి. మాకు నేర్పిన పద్ధతి వేరు. పలకను ఒక అంచున పట్టి, వేలి కణుపుతో తట్టి వినాలి. గట్టి రాయి కంచుగిన్నెలా మోగుతుంది. లోపల పగులుంటే మొద్దుగా, తడిసిన చెక్కలా చప్పుడొస్తుంది. పలుకుతుంది గనకే పలక అన్నారని పిల్లలకు ఒక అబద్ధం చెబుతూ ఉండేవాణ్ణి. నలుగురిలో రాయిని చెవి దగ్గర పెట్టుకుని వింటే పిచ్చివాళ్లనుకుంటారు. మీరు ఆ పని చేయొద్దు.

యార్డులో రాయి కోసే కుర్రాడు ముక్కుకు తుండుగుడ్డ కట్టుకుని ఉంటాడు. కనుబొమ్మల దాకా బూడిదరంగు. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో గూడుకట్టుకుంటే మళ్లీ బయటికి రాదు. ఆ నేపథ్యంలో సెల్ఫీ బాగా వస్తుంది. తీసుకున్నాక ధర తగ్గించమని అడగండి.

కొన్న పలకల్ని సర్దడం ఇంకో కళ. లారీలకెత్తేవాళ్లు పలకల్ని అంచు మీద నిలబెట్టి పేరుస్తారు, మధ్యలో గడ్డి కూరుస్తారు. పడుకోబెడితే కుదుపుకి నడిమికి విరుగుతాయని వాళ్ల చాదస్తం. మీరు సూట్‌కేసు అడుగున వెల్లకిలా పడుకోబెట్టి, పైన కారం డబ్బాలు, ఆవకాయ సీసాలు పేర్చి, మూత పడకపోతే ఎక్కి కూర్చోండి. మా అల్లుడు మూడు పలకలతో ఈ ప్రయోగం చేశాడు. రెండింటి ఫలితం ఇంట్లోనే తెలిసింది.

తేనె కొనేటప్పుడు అగ్గిపుల్ల వెంట తీసుకెళ్లండి. పుల్లను తేనెలో ముంచి గీస్తే వెలగాలి, అప్పుడే అసలుదని అందరికీ తెలుసు. నీళ్లు కలిస్తే పుల్ల వెలగదేమో గానీ, చిక్కటి చక్కెరపాకంలో ముంచినా వెలుగుతుందన్న సంగతి అగ్గిపుల్లకు తెలియదు. గ్లాసు నీళ్లలో చుక్క వేస్తే అడుక్కి దిగాలంటారు. పాకమూ దిగుతుంది. చలికి గడ్డకట్టి గింజకట్టిన సీసాను చూస్తే చక్కెర కలిపారని కేకలేయండి. తేనెలో గ్లూకోజు ఉన్నాక పేరుకోవడం దాని గుణం. అడవితేనె మామూలుగానే పలచన. చిక్కగా, బంగారురంగులో, ఎన్నేళ్లయినా గింజకట్టకుండా ఉండేదే ఏరి కొనుక్కోండి, మీ పరీక్షలన్నిటికీ అదే నిలుస్తుంది.

గిరిజన సహకార సంస్థ 1956 నుంచీ అడవి సరుకు కొని అమ్ముతోంది. అక్కడ సీసా మీద ధర అచ్చయి ఉంటుంది, బేరం కుదరదు. అందుకని అది మనకు పనికిరాదు. నల్లమలలో చెంచులు కొండచరియ నుంచి తాడు మీద వేలాడి తేనెపట్టు కోస్తారు. పైన ఆ తాడు పట్టుకునేది బావమరిదే కావాలంటారు. అక్క పసుపుకుంకుమలు అతని చేతిలో ఉంటాయి గనక తాడు వదలడని. ఇది విన్నప్పుడు మా అల్లుడు తన బావమరిది, అంటే మా అబ్బాయి, వైపు ఒకసారి చూశాడు. మావాడు ఫోన్లో ఉన్నాడు.

దసరాకి వచ్చేవాళ్లకు సీతాఫలాలు. దోర్నాల దారిలో బుట్టలు పెట్టుకుని అమ్ముతారు. పండిందో లేదో చూడ్డానికి ప్రతి కాయనూ బొటనవేలితో గట్టిగా నొక్కండి. కళ్లు విచ్చుకుని, సందుల్లో పసుపు తేరితే నొక్కకుండానే తెలిసిపోతుంది గానీ, అంత ఓపిక ఎవరికుంది? నొక్కిన పది వదిలేసి నొక్కని ఒకటి తీసుకోండి. మిగతావి సాయంత్రానికి నల్లబడతాయి. అప్పటికి మీరు గేటు దాటి ఉంటారు.

ప్రయాణం ముందురోజు అసలు పరీక్ష. అమెరికా పెట్టె ఒక్కోటి 23 కిలోలు. మిరపకాయల వ్యాపారి కాటా మీద పెడితే ఒకటి 31 తూగింది. మా అమ్మాయి ఏడ్చినంత పనిచేసింది. ఏం తీయాలి? కరివేపాకు తీయకండి, పచ్చిది, తడిగుడ్డలో చుట్టి పెట్టండి. నారింజ నిమ్మ తోటలకు చీడ మోస్తుందని దాన్ని అమెరికాలోకి రానివ్వరు. దొరికితే బుట్టలో వేస్తారు. అది మీ వంట మీద వాళ్ల అసూయ. మటన్ పచ్చడిని గోంగూర అని చెప్పండి. నక్షత్ర తాబేలు తెచ్చిపెడతానని ఎవరైనా చెవిలో చెబితే మాత్రం, ఇన్ని చిట్కాలు చెప్పిన నేను కూడా వద్దంటాను. వన్యప్రాణి చట్టం కింద జైలు తిండి మా జిల్లాలో అంత బాగుండదని విన్నా.

చివరికి తీసింది కందిపప్పు అయిదు కిలోలు, రోలు ఒకటి, మిగిలిన ఒక్క పలక. పన్ను కట్టిన ప్యాకెట్టు పప్పు మేం వండుకున్నాం. పాతది, ఉడకలేదు. రోలు మా అమ్మాయి ఎందుకు పెట్టుకుందో, ఎవరు రుబ్బుతారో నేను అడగలేదు. పలక మీద మనవడు మూడురోజులు ఏవేవో గీశాడు. బలపం కిర్రుమన్నప్పుడల్లా వాడికి ఒకటే నవ్వు. అది ఇక్కడే ఉంది, గూట్లో, అంచు మీద నిలబెట్టి.

పోయేముందు అల్లుడు నాకొక బనియను ఇచ్చాడు. దీవిలో కొన్నదే. ముందువైపు కొబ్బరిచెట్టు, ఓడ, ఇంగ్లీషులో దీవి పేరు. మెడ దగ్గర చీటీ తిప్పి చూశా. మేడ్ ఇన్ ఇండియా. మెత్తగా ఉంది, ఇంట్లో వేసుకుంటున్నా. మొన్న అదే వేసుకుని బజారుకు పోతే కందికాయలామె చూసి ఆపింది.

"ఏందో రాసుందే పంతులుగారూ, ఏ ఊరది?"

"సెయింట్ మార్టెనమ్మా. మా అల్లుడు పోయొచ్చాడు."

"యాడ, మాచర్ల అవతలా?"

"ఇంకొంచెం అవతల."

"ఆ యబ్బాయేనా, నా దగ్గర కాయలు కొనింది? మీ అల్లుడని చెప్పనే లేదే!" అని, సంచి తెరవమని పట్టుకుని, తూచకుండా రెండు దోసిళ్లు పోసింది.